రాతి గడపకు పసుపు

సంచిని మూడోసారి సర్దుతోంది తిప్పమ్మ. మొదటిసారి చింతకాయ తొక్కు సీసా మూత వదులైందేమోనని విప్పింది. రెండోసారి ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. బట్టలన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటే మళ్ళీ మడిచి, బియ్యప్పిండి నిప్పట్ల డబ్బాను మధ్యలో కూర్చి, దుప్పటి పైన పెట్టి, జిప్పు లాగబోయి ఆగింది.

"ఎన్ని తూర్లు ఇప్పుతావు మా? నాకు కాదు, ఆ సంచికే ఇసుగొస్తాది," అంది అశ్విని, అద్దం ముందు జడ వేసుకుంటూ.

"దుప్పటి సాలదేమో అని చూస్తాండా."

"సముద్రం ఒడ్డు మా అది. ఉక్కకు చస్తారంట ఆడ జనాలు. ఉన్న దుప్పటే వద్దంటే ఇంగోటి పెడతానంటావు."

"చావు మాట ఎత్తొద్దు, పొయ్యే పొద్దు," అని, వెంటనే నాలుక కరుచుకుంది తిప్పమ్మ. "పోయొచ్చే పొద్దు."

అశ్విని అద్దంలోంచే తల్లిని చూసి నవ్వింది. తిప్పమ్మకు నవ్వు రాలేదు. పసుపు కలిపిన గిన్నె తీసుకుని వాకిట్లోకి పోయి, తెల్లవారుజామునే పూసిన గడపకు మళ్ళీ పసుపు పూసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టింది. పక్క పోర్షన్‌లో ఉండే ఇంటి యజమానురాలు సావిత్రమ్మ వాకిలి చిమ్ముతూ తలెత్తింది. "ఏమ్మే, పొద్దున పూసింది ఆరనే లేదు గదా," అంది. ఆరిందో లేదో తిప్పమ్మ చూడలేదు.

పెనుకొండలో కొండ కింది వీధిలో ఆ రెండు గదుల ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే. కూతురు వెళ్ళేది మూడు నెలలు ఉండి రావడానికి. శుక్రవారం ఆడపిల్లను గడప దాటించకూడదని, శనివారం ప్రయాణం బాగుండదని, తిప్పమ్మ పట్టుబట్టి గురువారం చేయించింది.

వెళ్ళేది ఒక కెథీడ్రల్‌కు.

ఆ పేరు తిప్పమ్మ నోటికి రావడానికి కొన్నాళ్ళు పట్టింది. పెద్ద చర్చి అంటే సరిపోదా అంటే, ఇది చర్చిలకే పెద్ద చర్చి మా, బిషప్పు కూర్చునేది ఈడే, అని చెప్పింది అశ్విని. రెండేళ్ళ కిందట స్నేహితురాళ్ళతో కలిసి మంగళూరు అవతల సముద్రం చూడటానికి పోయి, సముద్రాన్ని వదిలేసి దాని ముందు కూర్చుండిపోయింది ఆ పిల్ల. తాతల తాతల కాలం నాటి కట్టడం. వానకు నానిన ఎర్రరాయి గోడలు, రెండు బురుజులు, పాచి పట్టిన మెట్లు, మెట్ల పైన ఏనుగు పట్టేంత తలుపు. వెంట తెచ్చుకున్న నీళ్ళ రంగులతో అక్కడికక్కడే బొమ్మ వేసింది. బొమ్మ ఆరకముందే వెనక నిలబడి చూసిన పెద్ద వయసు ఫాదరొకాయన, దీన్ని అచ్చు వేయించి ఇస్తావా, మా స్టాల్లో పెడతాం అన్నాడు.

రంగులు ఆ పిల్లకు ధర్మవరంలో అబ్బినవి. అక్కడ ఉన్నప్పుడు తిప్పమ్మ గ్రాఫులు నింపేది. పట్టుచీర అంచుకూ కొంగుకూ వేసే బొమ్మ మగ్గం ఎక్కకముందు గడుల కాగితం మీద ఎక్కాలి. ఏ గడి నిండాలో, ఏ గడి ఖాళీగా ఉండాలో చూసి ఎర్రరంగు చుక్క పెట్టడం ఆమె పని. ఒక్క గడి తప్పితే ఆ బొమ్మతో నేసిన ప్రతి చీరలోనూ నెమలి కాలు వంకర పోతుంది. ఆ గ్రాఫుల పక్కనే బోర్లా పడుకుని, అమ్మ కడిగిపెట్టిన కుంచెలతో గోడల మీద గీసుకుంటూ పెరిగింది అశ్విని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. గడులు వాటంతటవే నిండాయి. తల్లీకూతుళ్ళు పెనుకొండ చేరారు.

ఈ అచ్చు మాత్రం మామూలు అచ్చు కాదు. హిందూపురంలో బాలప్ప ప్రెస్సులో దళసరి కాగితం మీద బొమ్మ గీతలను మాత్రం లేతగా అచ్చు వేస్తారు. రంగులన్నీ చేత్తో వేయాలి. కొనేవాళ్ళకు కుంచె తడి కనిపించాలి. అందుకని ప్రెస్సు మీది హాల్లో బల్లలు వేసి, పని పంచుకున్నారు. ఆకాశం జమ్రూద్‌ది. గోడలూ మెట్లూ తిప్పమ్మవి. కిటికీల్లోని రంగుటద్దాలు, చివరి నీడలు, కింద మూల సంతకం అశ్వినివి. తిప్పమ్మ రోజూ పొద్దున పాసింజరు రైల్లో పోయి సాయంత్రం పాసింజర్లో వచ్చేది.

ఆ హాల్లో ఫ్యాను వేయకూడదు. కిటికీలు తెరవకూడదు. నీళ్ళ రంగు తడిగా ఉండగా గాలి తగిలితే మరకలు మరకలుగా ఆరుతుంది. షట్టరు సగానికి దించి, ఉక్కలో కూర్చుని, ఒకే గోడకు పొద్దస్తమానం ఎర్రరాయి రంగు పూస్తూంటే తిప్పమ్మకు తాను హిందూపురంలో కాక ఆ గోడల లోపలే కూర్చున్నట్టుండేది. బొమ్మలో ఒక్క మనిషీ లేడు. ఒక్కటే తలుపు. అదీ మూసి ఉంది.

"అవతల పక్క ఇంగో వాకిలుందా పాపా దీనికి?" అని అడిగింది ఒకరోజు.

"ఉండాదిలే మా. బొమ్మలో కనపడదు."

"గడియ లోపలుంటాదా, బయటుంటాదా?"

అశ్విని కుంచె ఆపి, "గడియ సంగతి నేను చూడలా," అంది.

జమ్రూద్ పకపకా నవ్వింది. అరవై దాటిన మనిషి, పెళ్ళిళ్ళకు వంట చేసే లాల్‌సాబ్ భార్య, నోరు మంచిదే గాని ఊరుకునేది కాదు. "నువ్వు గోడకు పూసేకి వచ్చినావా, ఆ ఇల్లు బాడుగకు తీసుకునేకి వచ్చినావా మే? నన్ను చూడు. పొద్దున్నించి మోడాలు పూస్తాండా. హిందూపురంలో ఒక్క చినుకు పడలా. అడిగినానా ఎవర్నన్నా?"

నిజానికి ఆమె పూసిన ఆ మబ్బుల వల్లే ఒకసారి గొడవైంది. మొదటి కట్టలో జమ్రూద్ ఆకాశం మరీ వానొచ్చేలా ఉందని, కెథీడ్రల్ వాళ్ళు కట్టకు కట్ట వెనక్కి పంపేశారు. నమూనా ఒకలా, వచ్చింది ఒకలా ఉంటే తీసుకోం అన్నారు. ఆ తర్వాతే ఫాదర్ ఇంకో మాట చెప్పి పంపాడు. రెండో కట్ట అశ్వినే తీసుకుని రావాలి. అది నమూనాకు సరిపోతే మూడు నెలలు అక్కడే ఉండి, స్టాల్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కళ్ళముందు బొమ్మలు వేయవచ్చు. ఉండటానికి సిస్టర్ల హాస్టల్లో గది ఇస్తారు. సరిపోకపోతే కట్టతోపాటు తనూ వెనక్కి రావడమే.

అశ్వినికి కంప్యూటరు ముందు కూర్చుని ఎవరో చెప్పిన నెమళ్ళను అటూ ఇటూ జరపడం తప్ప తెలిసిన బతుకు లేదు. ఆ చీరల డిజైన్ల సెంటరు కూడా మూతపడింది. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో లెక్క రాసే పని ఉందని, రోజూ బస్సు ఇంటి దగ్గరికే వస్తుందని తిప్పమ్మ ఎవరెవరినో అడిగి కనుక్కుని వచ్చింది. కూతురు ఒక్క మాట అంది. "ఈ తూరి పోకపోతే నేనింగ యాడికీ పోలేను మా." ఆ మాట గట్టిగా అనలేదు. అయినా తిప్పమ్మకు రాత్రంతా వినబడింది.

ఆమె భయం ఆమెది. మొగుడు ఉలిగప్ప ఇల్లు వదిలిన పొద్దు ఆమె కళ్ళలోంచి పోలేదు. మొగుని చిన్నాయన చచ్చిపోయి ఇంకా అంటు తీరలేదు. అంటు ఉన్న ఇంట గడపకు పసుపు పూయరు. రొద్దం నుంచి మేస్త్రీ జీపు వేసుకొచ్చి, యాడనో వంతెన పని, ఇప్పుడొస్తే ఎక్కు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా అన్నాడు. ఉలిగప్ప ఆ ఒట్టి గడప దాటి జీపెక్కాడు. కొన్నాళ్ళు ఫోను చేశాడు. ఆ తర్వాత ఫోను మోగలేదు. పనిలోంచి తనే వెళ్ళిపోయాడని మేస్త్రీ చెప్పాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. చావు కబురు రాలేదు కాబట్టి తిప్పమ్మ బొట్టు తీయలేదు. గడపను మాత్రం ఆ తర్వాత ఒక్క పూట కూడా ఒట్టిగా ఉంచలేదు.

అలాంటి మనిషి చేతికి రోజంతా ఒక రాతి గడప. బూడిదరంగు, తడి నీడ, అంతే. తన బిడ్డ దాటి లోపలికి పోబోయే గడప.

ఒక మధ్యాహ్నం, అశ్విని కింద ప్రెస్సులోకి పోయినప్పుడు, ఆ పిల్ల పళ్ళెంలోని అద్దాల పసుపురంగును కుంచె కొసకు తీసుకుని, తిప్పమ్మ ఆ గడప మీద వెంట్రుకంత గీత లాగింది. దాని మీద మూడు ఎర్ర చుక్కలు పెట్టింది, గ్రాఫులో గడి మూలకు పెట్టినంత చిన్నవి. ఎన్నో రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఒకదానికి పెట్టాక రెండోది ఒట్టిగా వదలడానికి చేయి రాలేదు. ఇల్లు ఒకటే కదా, ఒక కాగితం మీద గడపకు పసుపుండి ఇంకో కాగితం మీద లేకపోతే ఎట్లా. అలా రెండో కట్టంతా పూసింది.

నమూనా సంగతి ఆమెకు ఆ తర్వాత గుర్తొచ్చింది. చెప్పాలనుకుంది. చెప్తే అశ్విని తడి కుంచెతో తుడిచేస్తుంది. చెప్పకపోతే అక్కడివాళ్ళు కట్ట వెనక్కి పంపుతారు, పిల్ల కూడా వచ్చేస్తుంది. వచ్చేస్తుంది అనుకోగానే లోపల ఎక్కడో ఒక మూల చల్లబడింది. ఆ చల్లదనానికి తనకే భయం వేసింది. అలా చెప్పకుండానే గురువారం వచ్చింది.

పాసింజర్లో హిందూపురం దిగి ప్రెస్సుకు చేరేసరికి బాలప్ప బల్ల ఖాళీ చేసి పెట్టాడు. కట్టను మూటగట్టి అశ్విని చేతికివ్వాలి, ఆమె బెంగళూరు బస్సెక్కాలి.

"ఏమ్మా ఆర్టిస్టూ, బిషప్పును అడిగినానని చెప్పు," అన్నాడు బాలప్ప.

"నువ్వెవరని అడుగుతాడు గదన్నా."

"మీ చర్చికి సున్నం కొట్టించిన మేస్త్రీని అని చెప్పు. ఎన్ని గోడలు పూయించినాను ఈడ కూర్చుని?"

బొమ్మకూ బొమ్మకూ మధ్య బటరు పేపరు పెట్టే పని జమ్రూద్‌ది. నాలుగైదు పెట్టి, ఒకదాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, తల పైకెత్తింది. లేచి, తిప్పమ్మ మోచేయి పట్టుకుని, కుంచెలు కడిగే కొళాయి దగ్గరికి తీసుకుపోయింది.

"గడపకు పసుపు పూసినావా?"

"ఊ."

"అన్నిటికా?"

"కట్టకంతా."

"అది చర్చి మే. మారెమ్మ గుడి కాదు."

"గడప గడపే గదక్కా."

జమ్రూద్ కొళాయి విప్పింది, మాటలు బల్ల దాకా పోకుండా. "మా ఇంట్లో గడపకు ఎవరు పూస్తారు? అయినా పోయినోళ్ళు వస్తానే ఉండారు. మా లాల్‌సాబును చూడు, వద్దన్నా సాయంత్రానికి వచ్చి కూచుంటాడు."

తిప్పమ్మ నవ్వలేదు. జమ్రూద్ గొంతు తగ్గించింది. "పాపకు చెప్పినావా?"

"లేదు."

"ఎప్పుడు చెప్తావు?"

"చెప్తే కడిగేస్తాదక్కా. ఒట్టి గడప దాటి పోతాది."

"చెప్పకపోతే?"

"ఆడోళ్ళు వెనక్కి పంపిస్తారు."

"అప్పుడు నీకు మంచిదే గదా మే."

తిప్పమ్మ నీళ్ళ కింద చేతులు పెట్టి, లేని రంగును కడుక్కుంది. జమ్రూద్ కొళాయి కట్టేసి, "నాకు తెల్దు తల్లీ. నేను ఆకాశం దాన్ని. నేల మీది సంగతులు నన్నడగొద్దు," అని బల్ల దగ్గరికి పోయి, మిగిలిన బటరు పేపర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆ మాట ఇక ఎత్తలేదు.

బస్టాండులో ఎండ ఎక్కుతోంది. అశ్విని భుజాన సంచి, ఒళ్ళో పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్న కట్ట. బెంగళూరు బస్సు వచ్చి నిలబడింది. కిటికీ పక్క సీటులో టవలు వేసి, సంచి పైన పెట్టి, అశ్విని మళ్ళీ దిగి తల్లి దగ్గరికి వచ్చింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. జనం ఎక్కుతున్నారు. వచ్చే బస్సు, పోయే బస్సు, దుమ్ము. తిప్పమ్మకు చుట్టూ ఇంత బయలున్నా ఫ్యాను ఆపిన హాల్లో ఉన్నట్టే ఉంది.

"నీళ్ళ సీసా యాడ పెట్టినావు?" అంది.

"సంచి పక్క జేబులో. నువ్వే గదా పెట్టింది."

"చేరినాక ఫోన్ చెయ్యి. బెంగళూరులో ఇంగో బస్సు ఎక్కినాక చెయ్యి. ఆడ దిగినాక చెయ్యి."

"చేస్తా మా."

"పాపా, ఆ కట్టలో..." అని ఆగింది. డ్రైవరు గ్లాసు కింద పెడుతున్నాడు. "గడపకు నేను పసుపు పూసినా."

అశ్వినికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అక్కడే సిమెంటు బెంచీ మీద కట్ట పెట్టి, ఒక మూల కాగితం లాగి, పైనున్న బొమ్మను ఎండలోకి వంచి చూసింది. వెంట్రుకంత గీత, మూడు చుక్కలు. దాని కింది బొమ్మనూ, ఇంకా కిందిదాన్నీ చూసింది. సంతకం పెట్టిన చేయి తనదే. పెట్టేటప్పుడు చూసింది కిటికీలను, గడపను కాదు.

"అన్నీనా?"

"ఊ."

అశ్విని కాగితం మళ్ళీ మడిచి అంటించింది. అంటించడానికి చాలాసేపు పట్టింది. తలెత్తకుండానే అడిగింది. "నన్ను వెనక్కి రప్పించేకా?"

"కాదు పాపా. నీకేమీ కాకూడదని."

"నీకు రెండూ ఒకటే మా."

ఆ పిల్ల అన్నదాంట్లో ఎంత అబద్ధమో, ఎంత నిజమో వేరు చేసి చెప్పగలిగే తెలివి ఆ క్షణాన తిప్పమ్మకు లేదు.

"ఇప్పుడు కడిగేకి టైము లేదు," అంది అశ్విని, కట్ట ఎత్తుకుంటూ. "ఏమయితే అది అవుతాది. పోతా."

"పోయొస్తా అనాల."

కండక్టరు ఎక్కమన్నాడు. అశ్విని ఎక్కింది. టవలు తీసి కూర్చుని, కట్టను ఒళ్ళో నిలబెట్టుకుంది. దుమ్ము లేస్తోందని కిటికీ అద్దం జరిపింది. అద్దం వెనక నుంచి చేయి ఊపింది. పోయొస్తా అని అనలేదు.

ఆ రోజు తిప్పమ్మ ఇంటికొచ్చి చీపురు ముట్టలేదు. ఊరు వెళ్ళినవాళ్ళు చేరిన కబురు వచ్చేదాకా ఇల్లు ఊడ్వరు. కబురు మర్నాడు పొద్దునే వచ్చింది. చేరినానని మాత్రం చెప్పి పెట్టేసింది అశ్విని; అది చాలక తిప్పమ్మ అప్పుడూ చీపురు ముట్టలేదు. అసలు కబురు ఆ మర్నాడు.

ఫాదర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని, బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడట. ఇదేమిటమ్మా, నమూనాలో లేదే అన్నాడట. అశ్విని దాచలేదు. మా అమ్మ పూసింది, మా ఇళ్ళల్లో మనిషి ఉన్న ఇంటి గడపకు ఇట్లా పూస్తారు, ఒట్టిగా ఉంచరు అని చెప్పిందట. ఆయన లేచి, తలుపు దాకా పోయి, ఆ రాతి గడపను కొత్తగా చూస్తున్నట్టు కాసేపు చూసి వచ్చి, "అయితే ఈ ఇంట్లో మనిషి ఉన్నట్టే కదా," అన్నాడట. కట్టంతా తీసుకున్నారు.

"అయితే ఉండమన్నారా?" అంది తిప్పమ్మ.

"ఉండమన్నారు మా." అశ్విని గొంతులో కోపం లేదు. చాలా రోజులకు విన్న గొంతు అది, చిన్నప్పుడు గోడ మీద గీసి, వచ్చి చూడమని పిలిచిన గొంతు. తిప్పమ్మ కళ్ళు తుడుచుకుని, చీపురు తీసుకుని ఇల్లు ఊడ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్టాల్లో ఆ బొమ్మలే ముందు అమ్ముడుపోయాయి. అశ్విని ఒక్కొక్కరికీ గడప చూపించి, దాని సంగతి చెప్పేది. వాళ్ళు వంగి, ఆ మూడు చుక్కలను వెతుక్కుని, దొరికాక నవ్వి, ఇంటికి ఒకటి, చుట్టాలకు ఒకటి కొనుక్కుపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు కొత్త ఆర్డరు వచ్చింది. అన్నింటికీ గడపకు పసుపుండాలని ప్రత్యేకంగా చెప్పి పంపారు.

బాలప్పకు సంబరం. "అక్కా, మా ప్రెస్సుకు ఇన్నేళ్ళలో రాని గిరాకీ నీ పసుపుకు వచ్చె," అన్నాడు. పని పెరిగిందని ఇంకో ఇద్దరు ఆడపిల్లలను పెట్టాడు. గోడలు వాళ్ళకు వచ్చాయి, మెట్లు వచ్చాయి. గడప రాలేదు. గీత లావైపోయేది, చుక్కలు పాకేవి. అందుకని గోడలు వాళ్ళకిచ్చి, తిప్పమ్మకు గడపలు మాత్రమే మిగిల్చాడు. పొద్దునొచ్చి కూర్చుంటే కాగితం మీద కాగితం జరుగుతూ వచ్చేది. గీత, చుక్క, చుక్క, చుక్క. ఆకాశం నుంచి కిందికి అంతా ఎవరో పూసి పెట్టేవాళ్ళు. ఆమెకు తలుపు ముందర జాగా ఒక్కటే.

మూడు నెలలు అయ్యాయి. స్టాల్లో జనం ఎక్కువున్నారు, ఇప్పుడు రాలేను అంది అశ్విని. వానాకాలం పోయాక వస్తానంది. వానాకాలం పోయింది. క్రిస్మస్ అయ్యాక అంది. క్రిస్మస్ తర్వాత వాళ్ళవే ఇంకో రెండు ఊళ్ళ పాత చర్చిలకు బొమ్మలు వేసి రమ్మని పంపారు. ఫోన్లో తిప్పమ్మ ఎప్పుడొస్తావని అడిగితే, ఒకరోజు నవ్వుతూనే అంది. "నీ గడపకు గిరాకీ ఉన్నంత కాలం నాకీడ పని ఉంటాది లేమా. నువ్వు పూసేది ఆపు, నేను వచ్చేస్తా."

తమాషాకే అంది. తిప్పమ్మకు ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు బల్ల ముందు కూర్చుని ఆలోచించింది. ఈ కట్ట ఒట్టి గడపలతో పోతే వాళ్ళు వెనక్కి పంపుతారు. రెండు కట్టలు అలా పోతే గిరాకీ ఆగుతుంది. స్టాల్లో పని తగ్గుతుంది. బిడ్డ సంచి సర్దుకుంటుంది. ఒక కాగితం ముందుకు జరుపుకుని, కుంచె ముట్టకుండా, పూసినట్టే పక్కకు పెట్టింది. రెండోదాన్ని కూడా పెట్టబోయింది. మొదటిదాని మీద చూపు పడింది. బూడిదరంగు రాయి, తడి నీడ. దాని వెనక మూసిన తలుపు. తలుపు వెనక తన బిడ్డ.

చేయి దానంతటదే పోయి కుంచె అందుకుంది.

"ఏమ్మే, ఒకటి మరిచిపోయినట్టుండావే," అంది పక్క బల్ల మీంచి జమ్రూద్.

"మరవలేదక్కా," అంది తిప్పమ్మ, ఆ మొదటి కాగితానికి గీత లాగుతూ.

ఆ రోజునుంచి ఆమెకు పని అంటే ఏమిటో తెలిసొచ్చింది. పెట్టే ప్రతి చుక్కా బిడ్డను కాపాడుతోంది. పెట్టే ప్రతి చుక్కా బిడ్డను అక్కడే ఉంచుతోంది. పెట్టకుండా ఉండటం ఆమె వల్ల కాదు.

పోనీ తనే పోతే? అశ్విని కూడా అదే అంది. "నువ్వే రా మా. ఆ గడపను కండ్లతో చూద్దువు. సిస్టర్లతో మాట్లాడినా, నాతోనే పడుకోవచ్చు." తిప్పమ్మ పాత చేతిసంచి దులిపి, రెండు చీరలు పెట్టుకుంది. నిప్పట్లు చేసింది. సావిత్రమ్మ దగ్గరికి పోయి, "వదినా, నేను వచ్చేదాకా మా గడప చూసుకుంటావా?" అని అడిగింది.

"పసుపే గదా, పూస్తా పో," అంది సావిత్రమ్మ. "మధ్యలో కనగానపల్లికి పోవాల, మా పాప నీళ్ళోసుకుంది. ఆ నాలుగు దినాలూ ఎట్లనో."

ఆ నాలుగు దినాలూ తిప్పమ్మను పట్టుకున్నాయి. ఇంట్లో మనిషి లేక, గడపకు పసుపు లేక, ఆ ఇల్లు అలా నోరు తెరుచుకుని ఉంటే, దారి తప్పకుండా ఎవరొస్తారు ఆ ఇంటికి? ఉలిగప్ప రావాలన్నా, అశ్విని రావాలన్నా, రావడానికి ఒక గడప ఉండాలి కదా. ఇక్కడ కూర్చుంటే అక్కడికి పోవడం కుదరదు. అక్కడికి పోతే ఇక్కడ ఎవరూ లేరు. అయినా సంచి పట్టుకుని పాసింజరు ఎక్కింది. హిందూపురంలో దిగి, జమ్రూద్‌కు ఒక మాట చెప్పి పోదామని హాలుకు పోయింది. ఈస్టరు కట్ట పోవాలి, గడపలొక్కటే మిగిలినాయి, సాయంత్రం బస్సుకు పోదువులే అక్కా అన్నాడు బాలప్ప. తిప్పమ్మ సంచిని బల్ల కిందికి తోసి కూర్చుంది.

సాయంత్రం పాసింజరుకే ఇంటికి పోయింది. సంచి బల్ల కిందే ఉండిపోయింది. నిప్పట్లు మెత్తబడకముందే జమ్రూద్ తీసి అందరికీ పంచింది. చీరలు తీసుకుపో మే అంటే, ఉండనీలే అక్కా, ఎప్పుడన్నా ఇట్నుంచి ఇట్నే పోవచ్చు అంది తిప్పమ్మ.

ఫోన్లు వారానికి ఒకటయ్యాయి. ఆ తర్వాత పండగలకు. చివరి ఫోన్లో వెనక సముద్రం హోరు వినబడింది. ఏ ఊరు సముద్రమో తిప్పమ్మ అడగలేదు, అశ్విని చెప్పలేదు. అన్నం తిన్నావా మా అంది. తిన్నా పాపా అంది. అంతే.

హాల్లో షట్టరు ఇప్పుడూ సగానికే దించి ఉంటుంది. ఫ్యాను తిరగదు. ఉక్కలో తిప్పమ్మ గడపలు పూస్తుంది. గీత, చుక్క, చుక్క, చుక్క.

అశ్విని 2023 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, గురువారం పొద్దున, హిందూపురం బస్టాండులో బెంగళూరు బస్సెక్కింది. మళ్ళీ రాలేదు.